ట్యాంకుకు కట్టిన నాగలి

క్రైస్తవ కుటుంబములో యుద్ధపు బొమ్మ ఉండవచ్చునా? ఈ పత్రిక చదివే తల్లిదండ్రులలో అనేకులకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురై ఉంటుంది. మా మంత్రాలయంలో మఠానికి పోయే దారిలో బొమ్మల అంగళ్లు ఉంటాయి. యాత్రికుల పిల్లల కోసం వ్రేలాడదీసిన తుపాకులు, విమానాలు, బ్యాటరీ కార్లు చూచి మన పిల్లలు కూడ అక్కడే నిలబడిపోతారు. ఒకరు కొనిస్తారు, మరొకరు గదిమి చెయ్యి పట్టి ఇంటికి తీసుకొనిపోతారు. ఇద్దరును దేవునికి భయపడేవారే. కాబట్టి నేను ఇక్కడ తీర్పు చెప్పుటకు పూనుకొనలేదు. మా ఇంటిలో జరిగిన ఒక సంగతిని, దానిద్వారా మేము నేర్చుకొన్నదానిని మీతో పంచుకొనుటకే ఇది వ్రాయుచున్నాను.

మా చెల్లెలి భర్త కువైట్‌లో డ్రైవరుగా పనిచేసేవాడు. 2018లో సెలవు మీద వచ్చినప్పుడు తొమ్మిదేండ్ల కొడుకు కోసం రేడియో రిమోటుతో నడిచే ట్యాంకు బొమ్మ ఒకటి తెచ్చినాడు. అంగళ్లలో దొరికే చిన్న బొమ్మ వంటిది కాదు అది. మన సైన్యం 'భీష్మ' అని పిలిచే టి-90 ట్యాంకును 16వ వంతు కొలతకు కుదించి చేసిన నమూనా. అసలు ట్యాంకు సుమారు 46 టన్నుల బరువు; చెన్నై దగ్గర ఆవడిలోని భారీ వాహనాల కర్మాగారంలో మన దేశంలోనే తయారవుతుంది. ఈ బొమ్మ ఫిరంగి గొట్టంతో కలిపి రెండడుగుల పొడవు, మూడు నాలుగు కిలోల బరువు ఉంటుంది. ఇంజను శబ్దం చేస్తుంది, పైభాగం ఇటు అటు తిరుగుతుంది, గొట్టంలోనుండి చిన్న ప్లాస్టిక్ గుళ్లు కూడ ప్రేలుస్తుంది. తండ్రి ఉన్న ఆ నెల రోజులు తండ్రీ కొడుకులు సాయంకాలమైతే దానితోనే ఉండేవారు.

2020లో కరోనా జబ్బుతో మా చెల్లెలి భర్త అక్కడనే ప్రభువునందు నిద్రించినాడు. విమానాలు లేని రోజులు. సమాధి కూడ అక్కడనే జరిగినది. తండ్రి సమాధి దగ్గర నిలబడి ఏడ్చుటకు కూడ ఆ పిల్లవానికి వీలు లేకపోయినది. అతనికి మిగిలినది ఆ బొమ్మ ఒక్కటే. 2021 వానకాలంలో అది కూడ ఆగిపోయినది. పిల్లవాడు దానిని తువ్వాలలో చుట్టి మంచం క్రింద పెట్టుకొన్నాడు. మాట తగ్గిపోయినది. బడి తెరిచినా పోవుటకు మనసు లేదు.

ఆ రోజులలో మా చెల్లెలి ఇంట ప్రార్థన కూటము జరిగినది. మా సంఘపెద్ద ఒకరు వచ్చినారు. ఆయన యౌవనంలో సైన్యంలో ఇంజనీర్ల దళంలో ఉండి, 1971 యుద్ధములో పశ్చిమ సరిహద్దున పనిచేసి వచ్చినవారు. మంచం క్రింద తువ్వాల జరిగి బొమ్మ కనబడినది. ప్రార్థన అయిన తరువాత ఆయన మెల్లగా అన్నారు:

"అమ్మా, కాలిపోయిన ట్యాంకును నేను దగ్గరనించి చూసినా. దాని లోపల మనుషులుంటారమ్మా. అది పిల్లోనికి ఆట ఎట్లయితాది? తీసి పెట్టుకుంటే మేలు."

ఆయన కోపముతో అనలేదు. అందుకే మా చెల్లెలు మరీ ఇరుకున పడినది. ఆ రాత్రి నాతో, "అన్నా, పారేస్తే పిల్లోడు ఏమైపోతాడో. ఉంచుకుంటే పెద్దాయన మాట తీసేసినట్లయితాది. ఏం చేయల్ల?" అని ఏడ్చినది.

నేను పంపుసెట్టు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసి బ్రతికేవాడను. నాకు తెలిసిన విధముగానే జవాబు చెప్పినాను. "ముందు దాన్ని విప్పి చూస్తాం. ఉంచల్లా తీసేయల్లా అనేది తర్వాత మాట్లాడుకుంటాం" అన్నాను.

విప్పి చూడగా

మరునాటి సాయంకాలం పిల్లవాడు బొమ్మను నా ముందర పెట్టి, "మామా, ఇది సచ్చిపోయిందా?" అని అడిగినాడు. నెలల తరువాత అతడు తానుగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"సచ్చిపోయేకి అదేమన్నా మనిషా రా? ఏమైందో చూస్తాం, స్క్రూలు తియ్" అన్నాను.

ఇక్కడ నా పనిలోని ఒక సంగతి చెప్పవలెను. 2009 అక్టోబరు మొదటి రోజులలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు, ఒండ్రు నిండిన మోటార్లు కుప్పలుగా బాగుచేతకు వచ్చినవి. ఆత్రపడి వెంటనే కరెంటు పెట్టి చూచినవారి మోటార్లు కాలిపోయినవి. మంచినీళ్లతో కడిగి, విప్పి ఎండబెట్టి, తడి పూర్తిగా ఆరిన తరువాత చూచినవి చాలా మట్టుకు బ్రతికినవి. ముంపులో మునిగిన వస్తువును వెంటనే నడిపించరాదు. మునిగిన మనసు సంగతి కూడ అంతే అని నాకు తోచినది. అందుచేత ఆ పిల్లవాణ్ణి తండ్రి గురించి నేనేమీ అడగలేదు. ఊరకనే స్క్రూలు తీస్తూ కూర్చున్నాము.

ఈ బొమ్మ పనిచేసే తీరు సులభమే. వెనుక భాగములో రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి ఎడమ పట్టీని, ఒకటి కుడి పట్టీని తిప్పుతుంది. మోటారుకు, పట్టీని లాగే చక్రానికి నడుమ పండ్ల చక్రాల పెట్టె ఒకటి ఉంటుంది. మోటారు వేగముగా తిరుగును గాని బలము తక్కువ. పండ్ల చక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలముగా మార్చుతాయి. దీనికి కారుకున్నట్లు స్టీరింగు లేదు. ఎడమకు తిరగవలెనంటే ఎడమ పట్టీ నెమ్మదించి, కుడి పట్టీ నడవవలెను.

పెట్టె తెరిచి చూడగా ఎడమవైపు ప్లాస్టిక్ పండ్లు అరిగి నున్నగా అయిపోయినవి. ఇరుసుకు తలవెంట్రుకలు, దారపు పోగులు గట్టిగా చుట్టుకొని ఉన్నవి. బ్యాటరీ ఏడాదిగా వాడక లేక చచ్చిపోయినది. వేరే బ్యాటరీ తగిలించి రిమోటు కదపగా, కుడి పట్టీ ఒక్కటే తిరిగినది. ట్యాంకు ముందుకు పోక, ఉన్నచోటనే గిరగిర తిరిగినది.

పిల్లవాడు చాలాసేపు దానినే చూచి, "ఒగ పక్కనే ఉంటే ఇట్లే తిరుగుతాది కదా మామా" అన్నాడు. వాకిట్లో కూర్చొని కుట్టుమిషను త్రొక్కుచున్న మా చెల్లెలు తల వంచుకొన్నది. అతడు బొమ్మను గురించియే అన్నాడో, మరి దేనిని గురించి అన్నాడో నాకు తెలియదు. మరుసటి దినమునుండి ప్రతి సాయంకాలం దీపాలు పెట్టే వేళకు నేను ఆ ఇంటికి పోవలెనని మాత్రం నిశ్చయించుకొన్నాను.

లోపలి బలము ముందు

పండ్ల చక్రాలు ఇనుపవి దొరుకుతాయని తెలిసినది. మా ఊరినుండి బెంగళూరుకు పనికిపోయిన ఒక పిల్లవానిచేత తెప్పించినాము. పిల్లవానికి ఆశ పుట్టినది. "మామా, పట్టీలు కూడ ఇనుపవే ఏపిస్తాం, నిజమైన ట్యాంకు మాదిరి ఉంటాది. ముందు అవే ఏపిస్తాం" అన్నాడు.

అందరును చేసేది అదే. ఇనుప పట్టీలు పైకి కనబడతాయి, చూపుకు బాగుంటాయి. అయితే అవి ప్లాస్టిక్ పట్టీలకంటె ఎంతో బరువు. లోపల ప్లాస్టిక్ పండ్లనే ఉంచి పైన ఇనుప పట్టీలు వేస్తే, ఆ బరువును లాగలేక పండ్లు త్వరలోనే విరిగిపోతాయి. కాబట్టి వరుస ఇది: ముందు లోపలి పండ్ల చక్రాలు, తరువాత పట్టీని లాగే చక్రాలు, చివరకు పట్టీలు.

దావీదు గొల్యాతుతో పోరాడుటకు బయలుదేరినప్పుడు సౌలు తన కవచమును అతనికి తొడిగించినాడు. అలవాటు లేని ఆ బరువుతో దావీదు నడవలేక దానిని తీసివేసెనని 1 సమూయేలు 17వ అధ్యాయములో చదువుతాము. మన పిల్లల విషయములో కూడ మనము పైపట్టీలకే తొందరపడతాము. పెద్ద బడి, పెద్ద మార్కులు, నలుగురిలో పాట పాడుట, వాక్యము అప్పచెప్పుట ఇవన్నీ మంచివే. లోపలి పండ్లు అరిగిన పిల్లవాని మీద వాటిని మోపితే అవి వానిని విరుస్తాయి.

ఇంకొక సంగతి. బొమ్మను రేడియోతో నడిపించుట క్రొత్తదేమీ కాదు. జపాను దేశపు తమియా కంపెనీ 1974లోనే అమెరికా షెర్మన్ ట్యాంకు నమూనాను ఇదే 16వ వంతు కొలతలో రేడియోతో నడిచేలా తయారుచేసినది. పాత రకపు రేడియో బొమ్మలు రెండు ఒకేచోట ఒకే అలలమీద ఉంటే, ఒకదాని రిమోటుకు ఇంకొకటి కదిలేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోటును బొమ్మతో మొదటే జత కలుపుతారు. ఆ తరువాత చుట్టూ ఎన్ని రిమోటులున్నా అది తన రిమోటు మాటనే వింటుంది. గొఱ్ఱెలు తమ కాపరి స్వరమును ఎరుగునని ప్రభువు చెప్పిన మాటను పిల్లలకు వివరించుటకు ఆదివారపు బడిలో నేను ఈ సంగతినే చెప్పినాను. పిల్లలు వెంటనే గ్రహించినారు.

సంఘపెద్ద చెప్పిన సంగతి

బొమ్మ నడిచినది. అయితే అసలు ప్రశ్న అలాగే ఉన్నది. పెద్దాయనను తప్పించుకొని తిరుగుట నాకు ఇష్టము లేక, మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని ఆయన ఇంటికే పోయినాను. "అయ్యా, మీరు చూసిన ట్యాంకుల సంగతి వీనికి మీరే చెప్పండి" అన్నాను.

ఆయన కొంతసేపు మౌనముగా ఉండి చెప్పినారు. ట్యాంకు పోవు దారిలో శత్రువు నేలలో మందుపాతరలు పూడ్చిపెడతాడు. వాటిని వెదకి తీయుట ఇంజనీర్ల దళము పని. "రాత్రిపూట బోర్ల పండుకుని, కమ్మీతో మట్టిని గుచ్చి చూసుకుంటా పోయేవాళ్లం. చెయ్యి తగిలితే అంతే" అన్నారు. తరువాత, "ట్యాంకు ముందర నాగలి కట్టే పద్ధతి కూడ ఉంది రా అబ్బీ. పట్టీలు పోయే దారిని దున్నుకుంటా పాతరలను పక్కకు నూకుతాది. వెనక వచ్చేవాళ్లు బతుకుతారు" అన్నారు.

"ట్యాంకుకు నాగలా తాతా?" అని పిల్లవాడు నోరు తెరిచినాడు.

నిజమే. యుద్ధ ట్యాంకులకు అటువంటి నాగళ్లు మన సైన్యములోను ఉన్నవి. ఆలోచించి చూస్తే ట్యాంకు పుట్టినదే సేద్యపు పనిముట్టులోనుండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో మెత్తటి నేలలో చక్రాల ట్రాక్టర్లు దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ అనే ఆయన 1904లో చక్రాలకు బదులు పట్టీలు వేసి చూచినాడు. మన నల్లరేగడిలో వాన పడిన తరువాత బండి దింపినవారికి ఆయన కష్టము బాగా తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధములో ఆ పట్టీల ట్రాక్టర్లు ఫిరంగులను లాగినవి. వాటిని చూచిన సైనికాధికారులకు ఇనుప కవచముగల శకటము ఆలోచన కలిగినది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ నది యుద్ధములో బ్రిటిషువారు మొదటిసారి దానిని దింపినారు. రహస్యము బయటపడకుండుటకు అవి నీళ్ల ట్యాంకులని చెప్పుకొన్నందున ఆ పేరే నిలిచిపోయినది. ట్యాంకు అంటే నీళ్లే గుర్తుకు వచ్చే మన కరవు సీమలో, ఆ పేరు ఒక మారణాయుధానికి పెట్టినారంటే వినుటకు వింతగా ఉంటుంది.

యోవేలు గ్రంథము 3వ అధ్యాయములో నాగళ్లు చెడగొట్టి కత్తులు చేయుడను పిలుపు ఉన్నది. యెషయా 2వ అధ్యాయములోను మీకా 4వ అధ్యాయములోను దానికి ఎదురుగా, కత్తులు నాగళ్లుగా మారే దినము గూర్చిన వాగ్దానము ఉన్నది. మొదటిది జరుగుట మన కన్నులార చూస్తూనే ఉన్నాము. 2019 సెప్టెంబరులో మన కర్నూలు పరీక్షా క్షేత్రములోనే, భుజముమీద మోసుకొనిపోగల ట్యాంకు విధ్వంసక క్షిపణిని పరీక్షించినారు. దేశమును కాపాడువారి పనిని నేను తక్కువ చేయుట లేదు. రెండవ వాగ్దానము కూడ వాక్యములో ఉన్నదని మన పిల్లలకు ఎవరు చెప్తారు అన్నదే నా ప్రశ్న.

పిల్లవాడు తీసుకొన్న తీర్మానము

ఆ సంగతి విన్న వారము దినములకు మేనల్లుడు తానే వచ్చి, "మామా, గుండ్లు కొట్టేది తీసేస్తాం. నాగలి కడతాం" అన్నాడు. ఎవరును అతనికి చెప్పలేదు.

గుళ్లు ప్రేల్చే భాగమును విప్పి తీసివేసినాము. కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరును పడిపోకుండ మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించినాడు. ఆరు మిల్లీమీటర్ల గుండు చిన్నదే గాని, తోటి పిల్లవాని కంటికి తగిలితే చూపు పోవచ్చును. మన ఇండ్లలో చిన్నవారు ఎప్పుడును వాకిట్లోనే ఉంటారు. కాబట్టి ఆ భాగమును తీసివేయుట కూడ పిట్టగోడ కట్టుట వంటిదే.

నూనె డబ్బా రేకును కత్తిరించి, రెండు చిన్న నాగళ్లుగా వంచి, పాత గొడుగు కమ్మీలతో ముందువైపు బిగించినాము. మొదటిది బరువెక్కువై ముందు భాగము వంగిపోయినది. రెండవది ఇసుకలో పొడుచుకొని ట్యాంకును ఆపివేసినది. నాగలి వాలు తగ్గించి, వెనుకవైపు బరువు పెట్టి, మూడవది చేసినాము. వేసవిలో తుంగభద్ర ఎండిన చోట ఇసుక మీద దానిని నడిపినాము. పెద్దాయన కూడ వచ్చినారు. ట్యాంకు వెనుక రెండు సాళ్లు పడినవి. ఆయన చెప్పులు విడిచి ఆ సాళ్ల వెంబడి కొంత దూరము నడిచినారు. ఏమియు మాట్లాడలేదు. రెండు దినముల తరువాత తన పాత రేడియోను తెచ్చి, "ఇది కూడ చూడు రా" అని పిల్లవాని చేతికిచ్చినారు.

మనుషులు లోపల లేకుండ దూరమునుండి నడిపించే పెద్ద శకటాలు కూడ ఇప్పుడు ఉన్నవి. ఆవడిలోని రక్షణ పరిశోధన సంస్థ 2017లో 'ముంత్ర' అను శకటమును చూపించినది. తెలంగాణలోని ఎద్దుమైలారం కర్మాగారములో తయారయ్యే రకపు పట్టీల శకటము దానికి ఆధారము. అందులో ఒక విధము మందుపాతరలను కనిపెట్టుటకే. ఈ సంగతి పెద్దాయనకు చెప్పగా, "మా కాలంలో ఇది ఉండింటే నా జతగాళ్లు కొందరు ఇల్లు చేరేవాళ్లు" అన్నారు. మేనల్లుడు ఆ మాట మరచిపోలేదు. పదవ తరగతి తరువాత ఏమి చదువుతావని ఎవరైన అడిగితే, ఇటువంటివి చేసే చదువే చదువుతానని చెప్పుచున్నాడు.

ఇటువంటి బొమ్మ ఇంట ఉన్నవారికి

మీ ఇంటిలోను రేడియో బొమ్మ ఏదైన ఉంటే ఈ సంగతులు ఉపయోగపడును.

1. ఇసుకలో గాని దుమ్ములో గాని నడిపిన ప్రతిసారి మెత్తని కుంచెతో దులపండి. ఇరుసులకు చుట్టుకొన్న వెంట్రుకలు, దారాలు తీసివేయండి. మోటార్లు కాలుటకు ఇదొక ముఖ్య కారణము.

2. పండ్ల చక్రాలకు గ్రీసు కొంచెమే పూయండి. బయటి భాగాలకు నూనె పోయవద్దు. నూనె మన దుమ్మును పట్టి సాన పిండి వలె అరగదీస్తుంది.

3. పట్టీ మరీ బిగువైతే మోటారు మీద భారము పడుతుంది. మరీ వదులైతే మలుపులో జారిపోతుంది. మధ్యలో వ్రేలితో నొక్కితే కొంచెము దిగవలెను. సాగిపోతే ఒక ముక్క తీసివేయవచ్చును.

4. పాత రకము నికెల్ బ్యాటరీ 7.2 వోల్టులు, కొత్త రకము లిథియం బ్యాటరీ 7.4 వోల్టులు ఉంటుంది. ఒకదాని చార్జరును ఇంకొకదానికి పెట్టరాదు. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ కానివ్వరాదు. బండమీద పెట్టి, మనిషి దగ్గర ఉండగానే చార్జి చేయవలెను. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు.

5. చాలా రోజులు వాడనప్పుడు బ్యాటరీని విడదీసి వేరుగా పెట్టండి.

యాకోబు, యోహానులను ప్రభువు పిలిచినప్పుడు వారు దోనెలో తండ్రి దగ్గర కూర్చొని వలలు బాగుచేసికొనుచున్నారని మత్తయి సువార్త 4వ అధ్యాయములో చదువుచున్నాము. తండ్రి దగ్గర కూర్చొని బాగుచేయుట నేర్చుకొన్న చేతులను ప్రభువు తన పనికి తీసుకొన్నాడు. మన సంఘములలో ఆలాగు తండ్రి దగ్గర కూర్చొనే భాగ్యము లేని పిల్లలు కొందరున్నారు. కొందరి తండ్రులు గల్ఫు దేశాలలో, కొందరి తండ్రులు సుగ్గికి గుంటూరులోనో బెంగళూరులోనో ఉన్నారు. కొందరి తండ్రులు ఇక రారు.

మేనమామలారా, చిన్నాన్నలారా, సంఘపెద్దలారా, అటువంటి పిల్లవానికి మనము పెద్ద ప్రసంగము చేయనక్కరలేదు. వాని ఇంట ఆగిపోయిన వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. సైకిలు గావచ్చును, గడియారము గావచ్చును, బొమ్మ గావచ్చును. ఈ వారము ఒక సాయంకాలము పోయి, వానిచేతనే స్క్రూలు తీయించండి. దిక్కులేని పిల్లలను వారి ఇబ్బందిలో పరామర్శించుట నిజమైన భక్తి అని యాకోబు పత్రిక మనకు నేర్పుచున్నది గదా. అట్టి మనసును, ఓపికగల చేతులను ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.